'పికప్ సూపర్' అని పాత డీజిల్ కారు అమ్ముతున్నారా? పెడల్ పైన ఒకసారి చెయ్యి పెట్టి తడమండి

రెండు నెలల కిందట హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ దగ్గర 2014 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్ తీసుకున్నాను. 1.3 లీటర్ ఇంజిన్, మన దగ్గర రెండు మూడు కంపెనీల కార్లలో వచ్చిందే. 3 లక్షల 25 వేలు. టెస్ట్ డ్రైవ్‌లో ఎక్స్‌లేటర్ మీద కాలు అలా ఆనించానో లేదో, బండి ముందుకు దూకింది. పదేళ్ల బండికి ఇంత పికప్పా అని మురిసిపోయాను. ఇంజిన్ వేగం నిమిషానికి 2000 చుట్ల (ఆర్‌పీఎం) దగ్గరికి వచ్చేదాకా ఈ ఇంజిన్‌లో పెద్ద ఊపు ఉండదని నాకు తెలుసు. తెలిసీ అడగలేదు.

మూడో వారం ఇంటిల్లిపాదీ శ్రీశైలం బయల్దేరాం. డ్యామ్ దాటి సున్నిపెంట వైపు ఘాట్ ఎక్కుతుంటే బండి లాగదే! నేలకి ఆనించి తొక్కినా మూలుగుతోంది, వెనక నల్లటి పొగ. ఏసీ ఆపేశాం. నిండా జనంతో ఉన్న ఆటో ఒకటి హారన్ కొట్టి మరీ దాటిపోయింది. మా అత్తగారు పల్లెత్తు మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

తిరిగొచ్చాక ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే, బానెట్ ఎత్తకముందే 'టర్బో పోయింది సార్, 38 వేలు' అన్నారు. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే భాగం. ముందు డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేసి చూద్దామని 9,500 తీసుకున్నారు. తేడా ఏమీ లేదు.

చివరికి తెలిసిన పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన స్కానర్ పెట్టి నన్ను పెడల్ కొంచెం తొక్కమన్నాడు. పావు వంతు తొక్కాను. స్క్రీన్ మీద 60 శాతం! ఆయన నవ్వి, డాష్‌బోర్డ్ కింద తల దూర్చి, జిప్ టై కోసి, అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఒకటి బయటికి లాగాడు. థ్రాటిల్ కంట్రోలర్.

ఈ కార్లలో ఎక్స్‌లేటర్‌కి కేబుల్ ఉండదు. ఎంత తొక్కామో పెడల్ దగ్గరి సెన్సర్ ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి (ఈసీయూ) చెబుతుంది. మధ్యలో కూర్చున్న ఈ డబ్బా, కొంచెం తొక్కితే చాలా తొక్కినట్టు అబద్ధం చెబుతుంది. పూర్తిగా తొక్కితే అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఇంజిన్ బలం పిసరంత కూడా పెరగదు. సరదాకి పెట్టుకునేవాళ్లు ఉన్నారు, తప్పు లేదు. జబ్బు దాచడానికి పెట్టడమే మోసం.

అసలు జబ్బు టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్లే రబ్బరు పైపు. పైనుంచి చూస్తే శుభ్రంగానే ఉంది. అడుగున వేలు పెడితే జిడ్డు. చుట్టిన టేపు విప్పి వంచితే గోరు దూరేంత చీలిక నోరు తెరిచింది. బండి నిలబడి ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది, లోడ్ పడి గాలి ఒత్తిడి పెరిగితే తెరుచుకుంటుంది. గాలిని కొలిచే సెన్సర్ టర్బోకి ముందే ఉంటుంది కాబట్టి ఆ కొలతకు తగ్గట్టే డీజిల్ పడుతుంది, గాలి మాత్రం దారిలోనే పోతుంది. నల్ల పొగ అందుకే. పైపు, కూలీ కలిపి 2,800. టర్బో నిక్షేపంలా ఉంది.

కొనబోయేవాళ్లు కాలనీ రోడ్డులో తిప్పి సరిపెట్టకండి. ఫ్లైఓవర్ ఎక్కుతూ, ముందూ వెనకా ఖాళీ చూసుకుని, మూడో గేర్‌లో 1500 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కండి. 2000 దగ్గర వీపు సీటుకి ఆనాలి. ఆర్‌పీఎం లేచి స్పీడ్ లేవకపోతే క్లచ్ జారుతున్నట్టే. రెండూ లేవకపోతే గాలి దగ్గరో డీజిల్ దగ్గరో తేడా ఉంది. దిగాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టండి. ఒక్కటే సెగలు కక్కుతుంటే బ్రేక్ పట్టేస్తోంది. తాళం ఆన్ చేయగానే ఇంజిన్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగనే లేదంటే దాన్ని పీకేశారేమో అడగండి. పెడల్ వైరింగ్ మాత్రం తప్పకుండా చూడండి.

కన్సల్టెన్సీకి వెళ్లి నిలదీశాను. 'ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నానని సంతకం పెట్టారుగా సార్' అన్నాడు. మరి ఈ డబ్బా ఏంటయ్యా అంటే, 'అది మేం ఫ్రీగా ఇచ్చాం సార్, బయట ఆరు వేలు!'