విశాఖ ఎంవీపీ కాలనీలో ఓ ఇంటి ముందు వేసిన స్టాంప్డ్ కాంక్రీటు (పచ్చిగా ఉండగానే అచ్చులు అద్ది రాయిలా కనిపించేలా చేసేది) ఎలా ఉంది?

కారు నిలిపే చోట రాతి అచ్చు చక్కగా దిగింది. మందం 100 మి.మీ., ఎం25 (కాంక్రీటు బలాన్ని తెలిపే గ్రేడు) మిశ్రమం. వేలితో నొక్కితే అర సెంటీమీటరు గుంట పడే అదునులో అచ్చులు దించారు. 2.5 మీటర్లకొకటి చొప్పున 25 మి.మీ. లోతు కోతలు మర్నాడే కోశారు, అందుకే అడ్డదిడ్డంగా పగుళ్లు రాలేదు.

తప్పంతా సీలరు (పైన పూసే రక్షణ పూత) దగ్గరే. వాన వెలిసిన మర్నాడే, అదీ మందంగా పూశారు. లోపలి తేమ బయటికి రాలేక గోడవారన తెల్లగా పాలిపోయింది, గోటితో గీరితే పెచ్చులుగా లేస్తోంది. విశాఖ సముద్రపు గాలిలో కాంక్రీటు వేశాక సీలరుకు 28 రోజులు ఆగాల్సిందే. ప్లాస్టిక్ షీటు అంచులకు టేపు వేసి రాత్రంతా ఉంచండి, అడుగున చెమ్మ పడితే ఇంకా ఆగండి. తర్వాత రెండు పల్చటి పూతలు చాలు.

మంచు కురిసే దేశాల్లో గడ్డకట్టే నీరు పగలగొట్టకుండా మిశ్రమంలో 5–7 శాతం గాలి బుడగలు ఉంచుతారు. ఇక్కడ ఆ ఖర్చు అక్కర్లేదు. రెండు మూడేళ్లకోసారి సీలరు మాత్రం తప్పదు.