రేణిగుంట మేడమ్ ముత్తాతను ఐర్లాండ్‌లో వెతికిపెట్టిన సైటు: నా రివ్యూ

మా పక్క వీధిలో ఒక ఆంగ్లో ఇండియన్ మేడమ్ ఉన్నారు. రేణిగుంట రైల్వే కాలనీలో పుట్టి పెరిగి, టీచరుగా రిటైరయ్యి ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నారు. ముత్తాత ఐర్లాండ్ నుంచి సైనికుడిగా వచ్చి తర్వాత మద్రాసు రైల్వేలో చేరాడట, అంతకుమించి ఇంట్లో ఎవరికీ తెలీదు. "నువ్వు కంప్యూటర్ ముందే కూర్చుంటావు కదా నాయనా, ఆయన ఊరేదో చూసిపెట్టు" అన్నారు. వారం పని అనుకున్నా, నాలుగు నెలలు పట్టింది. ఎక్కువగా వాడింది ఐర్లాండ్ ప్రభుత్వం నడిపే వంశచరిత్ర సైటు ఐరిష్‌జీనియాలజీ డాట్ ఐఈ, అందుకే దాని గురించి రాస్తున్నా.

ముందు మంచి సంగతి, పైసా అడగదు. అక్కడ అందరి పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు ప్రభుత్వం రాయడం మొదలైంది 1864లో. ఆ రిజిస్టర్ల పేజీలనే ఫొటో తీసి పెట్టారు. పుట్టుకలైతే వందేళ్ళు, పెళ్ళిళ్ళు 75, మరణాలు 50 ఏళ్ళు దాటినవి చూడొచ్చు. పుట్టుక పేజీలో తండ్రి పని, తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటాయి. మా అవ్వ పుట్టినరోజు అడిగితే "కరువొచ్చిన ఏడు, మామిడికాయలప్పుడు" అనేవాళ్ళు, ఇది చూస్తే నాకు కుళ్ళు పుట్టింది.

ఇక చిక్కు. ఊరు తెలీకుండా ఈ సైటులోకి వెళ్తే మునిగిపోతారు. మేడమ్ వాళ్ళ ఇంటిపేరు సల్లివన్. కెర్రీ, కార్క్ కౌంటీల్లో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) సల్లివన్ అంటే మన చిత్తూరులో రెడ్డి అన్నట్టే, పైగా ఒకే మనిషిని ఒకచోట సల్లివన్ అని, ఇంకోచోట ఓ'సల్లివన్ అని రాస్తారు. రెండు నెలలు ఊరికే తిరిగా. ఈ మధ్యలో మేడమ్ డబ్బు కట్టి చేరిన ఒక సైటులో ఎవరో పెట్టిన వంశవృక్షం దొరికింది, సంబరపడి చూస్తే తల్లికీ కొడుక్కీ తొమ్మిదేళ్ళే తేడా! ఒకరు తప్పు రాస్తే పదిమంది కాపీ కొట్టుకున్నారు. ఇతరుల పరిశోధన వాడుకోండి, కానీ అసలు పేజీ చూడకుండా నమ్మొద్దు.

దారి దొరికింది మన వైపు నుంచే. బ్రిటిష్ ఇండియాలో బతికిన కుటుంబాల కోసం ఫిబిస్ అనే సంస్థ ఉంది, వాలంటీర్లు పాత రికార్డులు ఎక్కించి పెట్టారు, వెతకడం ఉచితం. మద్రాసులో జరిగిన పెళ్ళి అక్కడే తగిలింది, ముత్తాత తండ్రి పేరు తెలిసింది. తర్వాత మేడమ్ ట్రంకు పెట్టె అడుగున సైన్యం డిశ్చార్జి కాగితం బయటపడింది, ట్రలీ దగ్గర, కెర్రీ అని ఉంది అందులో. ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ఊరు తెలిశాక పది నిమిషాల పని. కెర్రీ చర్చి రిజిస్టర్లు కూడా ఇదే సైటులో ఉండటం మా అదృష్టం. (అన్ని కౌంటీలవీ లేవు, కెర్రీ, కార్లో, డబ్లిన్, కార్క్‌లో కొంత భాగం, అంతే. మిగతా కేథలిక్ రిజిస్టర్ల ఫొటోలు అక్కడి నేషనల్ లైబ్రరీ సైటులో ఉచితమే, కానీ ఆ రాతకు కళ్ళు పోతాయి.) తమాషా ఏంటంటే, ఆయనకు బాప్తిస్మం అయ్యింది పుట్టడానికి రెండు వారాల ముందు! గడువు దాటితే జరిమానా పడుతుందని ప్రభుత్వానికి అసలు పుట్టిన రోజు కాకుండా ఆ తర్వాతి తేదీ ఏదో చెప్పేవాళ్ళట. మనం స్కూల్లో వేసిన జూన్ ఒకటో తేదీలు గుర్తొచ్చాయి. ఆయన చెల్లెలు అక్కడే ఉండిపోయింది, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉచితంగా ఉన్న 1901, 1911 జనాభా లెక్కల్లో దొరికింది. పదేళ్ళలో ఆవిడ భర్తకు పదిహేనేళ్ళు పెరిగాయి. డెబ్భై దాటినవాళ్ళకు 1909 నుంచి పెన్షన్ ఇచ్చారు మరి.

అంతకుముందు తరం గురించి పెద్దగా ఆశ పెట్టుకోకండి. 1922 జూన్‌లో డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల దగ్గర రికార్డు ఆఫీసు కాలిపోయింది, 1851 వరకు జరిగిన జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. మిగిలినవాటిలో ముఖ్యమైంది 1847-64 మధ్య తయారైన గ్రిఫిత్స్ వాల్యుయేషన్, మన అడంగల్ లాంటిది. ఎవరి భూమి, ఎవరు సాగు చేస్తున్నారు అని ఉంటుంది, పెళ్ళాం పిల్లల ఊసుండదు.

ఐదుకు నాలుగిస్తా. ఒకటి తగ్గించింది, పేజీలు చూడాలంటే మన పేరు రాసి టిక్ పెట్టు అని విసిగిస్తుంది, ఫోన్లో ఆ చేతిరాత అస్సలు కనపడదు. పెద్ద స్క్రీన్ మీదే చూడండి.

జనన రిజిస్టర్ పేజీ కలర్ ప్రింట్ తీయించడానికి నెట్ సెంటర్‌కు వెళ్తే అక్కడి అబ్బాయి తిప్పి తిప్పి చూసి, "ఇది ఏ మండలం పట్టా అన్నా?" అన్నాడు. కెర్రీ అన్నా. లామినేషన్ కూడా చేసిచ్చాడు.