పాత బుల్లెట్‌కు రీబోరా, కొత్త సిలిండర్ కిట్టా: ఏది మేలు?

పోత ఇనుప సిలిండర్ ఉన్న పాత బుల్లెట్ 350 ఇంజన్‌ను తక్కువ ఖర్చులో బాగుచేయించుకోవాలనుకునేవారు పదేపదే అడిగే ప్రశ్న ఒకటే: ఉన్న సిలిండర్‌కే బోర్ కొట్టించి (అంటే అరిగిన లోపలి గోడను కాస్త పెద్దగా తొలిపించి, రీబోర్ చేయించి) దానికి తగ్గ ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించాలా, లేక పిస్టన్‌తో సహా కొత్త సిలిండర్ కిట్ కొనాలా?

కిట్ కొంటే లేత్ షాపు చుట్టూ తిరిగే పని తప్పుతుంది. సిలిండర్ లోపలి వ్యాసం మళ్లీ స్టాండర్డ్ 70 మిల్లీమీటర్లకు వస్తుంది కనుక మున్ముందు రీబోర్లకూ వీలు మిగులుతుంది. అయితే బజారులో దొరికే కిట్లన్నీ ఒకే నాణ్యతతో ఉండవు, పైగా ఖర్చు ఎక్కువ. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారిన పాత ఇనుము ఆకారం చాలావరకు స్థిరపడి ఉంటుంది కాబట్టి, పగుళ్లు లేనంతవరకు నా మొగ్గు పాత సిలిండర్ వైపే.

రీబోర్ మన్నలేదనే చోట నేను మొదట అడిగేది పిస్టన్ ఎప్పుడు కొన్నారని, బోర్‌కు ముందా, తర్వాతా అని. సైజు నోటితో చెప్పి సిలిండర్ ఒక్కటే షాపులో ఇచ్చి వచ్చేవారు చాలామంది. కానీ పెట్టె మీద అచ్చు వేసిన సైజుకూ, స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) దగ్గర మైక్రోమీటర్ చూపే కొలతకూ తేడా ఉండవచ్చు. అల్యూమినియం పిస్టన్ ఇనుప సిలిండర్ కంటే ఎక్కువగా వ్యాకోచిస్తుంది గనుక, రెండిటి మధ్య సందు తక్కువైతే వేడికి ఇంజన్ పట్టేస్తుంది, ఎక్కువైతే చల్లటి ఇంజన్‌లో పిస్టన్ టకటకా కొట్టుకుంటుంది. అందుచేత పిస్టన్ ముందే కొని, దాన్ని కొలిపించి, ఆ కొలతకు తగ్గట్టు బోర్ కొట్టించి, చివరి కాస్త హోనింగ్‌తో (రాపిడి రాళ్లతో నునుపు చేసే పనితో) తీయించాలి. అసలు బోర్ అవసరమా అన్నది సిలిండర్ లోపల గోరు పెట్టి పైకి లాగితే కొంత తెలుస్తుంది: పై రింగు ఆగే చోట గోటికి గట్టు తగిలితే అరుగుదల బాగా ఉన్నట్టే. ఆ తర్వాత బోర్ గేజ్‌తో, ముఖ్యంగా ముందు వెనుకల దిశలో, కొలిపించాలి.

కిట్ కొనకుండా ఇలా ఆదా అయిన డబ్బు బిగ్ ఎండ్‌కు, అంటే కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌కు కలిసే కింది బేరింగుకు, పనికొస్తుంది. కనెక్టింగ్ రాడ్ పక్కలకు కొద్దిగా కదలడం సహజమే. నిలువుగా లాగినప్పుడు ఆట తెలిస్తే మాత్రం, పైన ఏది బిగించినా ఆ ఖర్చు వృథా.

చివరి ఓవర్‌సైజ్ కూడా అయిపోయిన సిలిండర్‌కు లైనర్ (లోపల బిగించే కొత్త గొట్టం) వేయించుకోవచ్చు. అలా కాకుండా సెకండ్‌హ్యాండ్ ఇంజన్ కొని బిగించుకుంటే ఆర్‌సీలోని ఇంజన్ నంబరు కలవదు. రవాణా శాఖ కార్యాలయంలో మార్పించుకోక తప్పదు.