జాగ్రత్త: ‘ఆర్డర్ కన్‌ఫర్మ్’ అని మెయిల్ వచ్చిందంటే టికెట్ వచ్చినట్టు కాదు

మిషిగన్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకే కాదు, అమెరికాలో ఎక్కడున్నా పెద్ద కచేరీకి టికెట్లు కొనాలనుకునేవాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. మూడు టికెట్లకి 846 డాలర్లు కట్టి, స్టేడియం బయట గడ్డి మీద కూర్చుని పాటలు విని వచ్చిన కుటుంబం మాది.

కచేరీ కంట్రీ గాయకుడు జాక్ బ్రయన్‌ది. 2025 సెప్టెంబరు 27, శనివారం, ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ స్టేడియంలో. నాకు ఈయన పాటలు అంటించింది మా బామ్మర్ది. ఇక్కడే ఎమ్మెస్ చేస్తున్నాడు. కంట్రీ మ్యూజిక్ అంటే టోపీ, బూట్లు, పికప్ ట్రక్కు అనుకునే నన్ను, ఒకసారి షికాగో నుంచి వస్తూ నాలుగు గంటలూ ఇదే పెట్టి వినిపించాడు. ఇల్లు వచ్చేసరికి నేనే కారు ఆపకుండా ఇంకో చుట్టు తిప్పాను, పాట అయ్యేదాకా.

ఈయన కథ కూడా మామూలుది కాదు. నేవీ కుటుంబంలో, జపాన్‌లోని ఒకినావాలో పుట్టాడు. ఓక్లహోమాలో ఊలగా అనే చిన్న ఊళ్లో పెరిగాడు. తనూ నేవీలోనే చేరాడు. ఖాళీ దొరికినప్పుడల్లా పాట రాసుకుని, ఫోన్‌లో తీసి ఇంటర్నెట్‌లో పెట్టేవాడు. 2019లో బ్యారక్స్ బయట చెమటలు కక్కుతూ పాడిన ఒక వీడియో జనంలోకి దూసుకెళ్లింది. అదే ఏడాది వచ్చిన మొదటి ఆల్బమ్‌కి చనిపోయిన తల్లి పేరు పెట్టుకున్నాడు. 2021లో నేవీ నుంచి బయటికొచ్చాడు, 2022లో ఒకేసారి 34 పాటల ఆల్బమ్ వదిలాడు, 2024లో గాయని కేసీ మస్‌గ్రేవ్స్‌తో కలిసి గ్రామీ కొట్టాడు. ఫోన్ వీడియోల నుంచి లక్ష మంది పట్టే స్టేడియం దాకా ఆరేళ్లు!

లైవ్‌లో చూసినవాళ్లు చెప్పేది ఒకటే. ఆయనకంటే జనమే ఎక్కువ పాడతారట. చివరి పాటను పది నిమిషాలకు పైగా సాగదీసి, మధ్యలో బ్యాండ్‌లో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పరిచయం చేస్తాడు. 2022 నవంబరులో కొలరాడోలోని రెడ్ రాక్స్ అనే ఆరుబయట వేదిక మీద మంచు కురుస్తుంటే పాడాడు, జనం కదల్లేదు. అది చూడాలనే మా తాపత్రయం అంతా.

ఇక్కడొక వింత ఉంది. టికెట్ల దోపిడీ మీద గట్టిగా గొంతెత్తిన గాయకుల్లో ఈయనొకడు. ఆ రెడ్ రాక్స్ లైవ్ రికార్డును 2022 క్రిస్మస్ రోజున విడుదల చేస్తూ, ‘నా దోస్తులందరికీ టికెట్‌మాస్టర్ అంటే మంట’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. టికెట్‌మాస్టర్ అంటే ఇక్కడ కచేరీ టికెట్లు అమ్మే పెద్ద కంపెనీ. 2023 టూర్‌ను ఆ కంపెనీ లేకుండానే నడిపాడు. టికెట్లు చేతులు మారి రేట్లు పెరగకుండా కట్టుదిట్టం చేశాడు. మరుసటి ఏడాది టూర్‌కి వచ్చేసరికి, ఒక్కడి వల్ల అయ్యే పని కాదని ఒప్పుకుని పాత దారికి వచ్చాడు. అంత పేరున్న మనిషి వల్లే కాలేదు, నేనెంత అనుకుని నన్ను నేను ఓదార్చుకున్నాను లెండి.

ఇక నా తప్పు ఎక్కడ మొదలైందో చెప్తాను. జులై చివర్లో ఫోన్‌లో స్టేడియం పేరు కొట్టి వెతికాను. పైన వచ్చిన మొదటి లింకు నొక్కాను. అది ప్రకటన. సైటు అడ్రసులో స్టేడియం పేరు ఉంది, పైన స్టేడియం ఫొటో ఉంది, అసలు సైటే అనుకున్నాను. అది స్టేడియానిదీ కాదు, గాయకుడిదీ కాదు, వాళ్ల దగ్గరా వీళ్ల దగ్గరా ఉన్న టికెట్లు తిరిగి అమ్మిపెట్టే సైటు. ఆ మాట పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మర్నాడు మా ఆవిడ చూపించింది.

టికెట్ ఒక్కోటి 214 డాలర్లు అని చూపించి, కార్డు నంబరు కొట్టాక 282 చేసింది. పక్కన గడియారం వెనక్కి పరిగెడుతోంది, ‘ఈ సీట్లను ఇంకో పదిహేడు మంది చూస్తున్నారు’ అని ఎర్ర అక్షరాలు. ఆ టెన్షన్‌లో నొక్కేశాను. నాకు తర్వాత తెలిసిన సంగతి, 2025 మే 12 నుంచి అమెరికాలో లైవ్ షో టికెట్లకి ఫీజులన్నీ కలిపిన మొత్తం ధరే ముందు చూపించాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూలు ఉంది. అంటే జులైలో కూడా ఏ సైటయినా చివర్లో రేటు పెంచిందంటే, అక్కడే ట్యాబ్ మూసెయ్యాలి. మిగతాది చదవక్కర్లేదు.

రెండో గుర్తు, సీటు నంబరు లేదు. సెక్షను, ‘అటూ ఇటూగా ఈ వరుసల్లో’ అని మాత్రమే ఉంది. ఎందుకో తెలుసా? అమ్మేవాడి దగ్గర అప్పటికి టికెట్టే ఉండకపోవచ్చు! మన దగ్గర డబ్బు తీసుకుని, షో దగ్గరపడ్డాక రేట్లు తగ్గితే అప్పుడు కొని ఇద్దామని కూర్చుంటాడు. రేట్లు తగ్గకపోతే చేతులెత్తేస్తాడు, లేదా ఏదో ఒకటి పంపిస్తాడు. మాకు అదే జరిగింది. ‘షో రోజులోపు డెలివరీ’ అన్నారు కాబట్టి ఆగస్టంతా ఆగాం. శుక్రవారం రాత్రి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు సంగీతం వినిపించి లైన్ కట్ చేశారు. శనివారం మధ్యాహ్నం మెయిల్‌లో మూడు బార్‌కోడ్ బొమ్మలు వచ్చాయి. ‘వచ్చేశాయి బావా!’ అని మా వాడు గంతులు.

ఇప్పుడు పెద్ద షోలకి చాలావరకు బార్‌కోడ్ కొన్ని సెకన్లకోసారి మారిపోతుంటుంది. అది టికెట్ కంపెనీ యాప్‌లో, మీ ఖాతాలో ఉంటేనే పనికొస్తుంది. స్క్రీన్‌షాట్ చిత్తుకాగితంతో సమానం. ఈ ముక్క నాకు గేటు దగ్గర స్కానర్ పట్టుకున్న ఆవిడ చెప్పింది, పాపం చాలా మర్యాదగా. మా ముగ్గురిలో ఒకరి సీటులో అప్పటికే ఎవరో లోపలికి వెళ్లిపోయారట. పక్కన మాలాంటి వాళ్లు ఇంకో రెండు కుటుంబాలు. ఒక కుటుంబం ఒహాయో నుంచి కారేసుకుని వచ్చింది, చిన్నమ్మాయి కొత్త బూట్లు కూడా వేసుకుంది.

ఆ స్టేడియం గిన్నెలా చాలావరకు నేలలోకి దిగి ఉంటుంది. అందుకే బయటి నుంచి ఏమీ కనపడదు, హోరు మాత్రం వినిపిస్తుంది. లోపల అంతమంది ఒకేసారి పాడుతుంటే కాళ్ల కింద నేల అదురుతున్నట్టు అనిపించింది. మర్నాడు వార్తల్లో చూశాం, 1,12,408 మంది వచ్చారట. టెక్సస్‌లో 2024 జూన్‌లో జార్జ్ స్ట్రెయిట్ అనే గాయకుడి కచేరీకి వచ్చిన 1,10,905 మంది రికార్డు పోయింది, టికెట్ కొని వచ్చిన జనం లెక్కలో అమెరికాలో ఇదే పెద్దదట. డబ్బు కట్టిన మేం ముగ్గురం మాత్రం ఆ లెక్కలో లేం.

చిన్నప్పుడు తెనాలిలో బ్లాకులో టికెట్లు అమ్మేవాళ్లను తిట్టుకునేవాళ్లం. ఐదు రూపాయలది ఇరవైకి అమ్మినా, అతను చేతిలో పెట్టింది అసలు టికెట్టే. గేటు కీపర్ చించి సగం ఇచ్చేవాడు, లోపల సీటు ఉండేది.

డబ్బు సంగతి. సైటువాళ్లు ‘మేం పంపించాం కదా, కావాలంటే ఇంకో షోకి కూపన్ ఇస్తాం’ అన్నారు. నేను కూపన్ తీసుకోలేదు. తీసుకుంటే గొడవ తేలిపోయిందని చెప్పుకోవడానికి వాళ్లకు సాకు దొరుకుతుంది. సోమవారం పొద్దున్నే క్రెడిట్ కార్డు బ్యాంకులో డిస్ప్యూట్, అంటే ఈ ఛార్జీ ఒప్పుకోనని ఫిర్యాదు, వేశాను. ఆర్డర్ మెయిలు, ‘డెలివరీ’ మాట ఉన్న పేజీ, గేటు దగ్గర స్కానర్ ఎర్రగా చూపించినప్పుడు మా ఆవిడ తీసిన ఫొటో, అన్నీ జతచేశాను. ఆ ఫొటో చాలా పనికొచ్చింది. రెండో నెలలో 846 డాలర్లూ తిరిగొచ్చాయి. మా బామ్మర్ది మాత్రం ఒక గ్రూపులో ఎవరో అమ్మిన పార్కింగ్ పాస్‌కి 80 డాలర్లు నేరుగా బ్యాంకు నుంచి పంపాడు. అదీ ఫొటోనే, అదీ చెల్లలేదు. ఆ డబ్బు మాత్రం ఇంతవరకూ రాలేదు, బ్యాంకువాళ్లు ‘మీరే పంపారు కదా’ అన్నారు. తెలుగులో మాట్లాడాడని నమ్మానంటాడు. తెలుగులో మోసం చెయ్యకూడదని ఏముంది?

కాబట్టి సెర్చ్‌లో పైన వచ్చినవి వదిలేసి, గాయకుడి సొంత పేజీలోంచో స్టేడియం సొంత పేజీలోంచో లింకు పట్టుకుని వెళ్లండి. తిరిగి అమ్మే టికెట్ కొన్నా, అసలు యాప్‌లో మీ పేరుకి ట్రాన్స్‌ఫర్ అయ్యేదే కొనండి. సెక్షను, వరుస, సీటు మూడూ కనపడాలి. క్రెడిట్ కార్డు తప్ప వేరే దారి వద్దు. తొందర కూడా వద్దు. స్టేజీ కట్టడం అయ్యాక, అడ్డం వస్తాయేమోనని ఆపి ఉంచిన సీట్లను చివరి వారంలో మామూలు రేటుకే వదలడం చాలా షోలకి జరుగుతుంది. మా వాడి క్లాస్‌మేట్ ఒకడు గురువారం రాత్రి అలాగే కొనుక్కుని లోపల కూర్చున్నాడు, మాకు వీడియోలు కూడా పంపాడు.

సైటు పేరు చెప్పమని కొందరు అడిగారు. ఆ కేసు గొడవ నాకొద్దు, పైగా వచ్చే సీజన్‌కి ఇంకో స్టేడియం పేరు తగిలించుకుని వస్తారు. ఇప్పటికే ఇలాంటి ఆర్డరు పెట్టి ఎదురుచూస్తున్నవాళ్లు ఉంటే, ఆర్డర్ పేజీని ఇవాళే ఫొటో తీసి దాచుకోండి. ఆ ఛార్జీ కనిపించిన మొదటి స్టేట్‌మెంటు బ్యాంకు పంపిన రోజు నుంచి 60 రోజుల్లోపు బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పాలి. షో మూడు నెలల తర్వాత ఉంటే ఆ గడువు ముందే దాటిపోవచ్చు, అందుకే బ్యాంకుకి ఇప్పుడే ఫోన్ చేసి మీ కార్డుకి రూలు ఎలా ఉందో కనుక్కోండి.