రెండు వేలకు 4 టీబీ డిస్కు కొనకండి: పర్లాకిమిడి నుంచి ఒక హెచ్చరిక

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ వైపు ఉన్న మనవాళ్లకీ, అటు ఆంధ్రలో పాతపట్నం, టెక్కలి వాళ్లకీ అసలు మాట ముందే చెప్పేస్తున్నాను. ఫోన్లలో ఒక ప్రకటన తిరుగుతోంది: 4 టీబీ (అంటే నాలుగు వేల జీబీ) ఎస్‌ఎస్‌డీ, అంటే ఫైళ్లు దాచుకునే కొత్తరకం డిస్కు, 1,899 రూపాయలు, సరుకు చేతికొచ్చాకే డబ్బు. కొనకండి. ఇప్పటికే కొనేసి ఉంటే అందులో ఏమీ పెట్టకండి. పెట్టేసి ఉంటే, కంప్యూటర్‌లో ఉన్న అసలు ఫైళ్లను మాత్రం చెరపకండి. నేను చెరిపేశాను.

నాది డీటీపీ, ఫొటో, జాబ్‌వర్క్ షాపు. శుభలేఖ కొందరికి తెలుగులో, కొందరికి ఒడియాలో, రెండు వైపుల చుట్టాలూ ఉన్నవాళ్లకి ఒకే కార్డు మీద రెండు భాషల్లో కొడతాం. పదమూడేళ్ల పని మొత్తం ఒకే కంప్యూటర్‌లో, డీ డ్రైవ్‌లో ఉండేది. ఉండేదంటే ఎలా? న్యూ ఫోల్డర్, న్యూ ఫోల్డర్ 2, ఫైనల్, ఫైనల్ కరెక్షన్, దాని లోపల ఇంకో న్యూ ఫోల్డర్. అను ఫాంట్లలో, అంటే ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు రూపం తొడిగే పాత ఫాంట్లలో, టైపు చేసే రోజుల్లో ఫైలు పేరు కూడా అదే కీబోర్డుతో కొట్టేసేవాళ్లం. ఇప్పుడు తెరిచి చూస్తే అవన్నీ అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. ఒక్క పాత కార్డు వెతకాలంటే గిరాకీని గంటసేపు కూర్చోబెట్టాల్సి వచ్చేది. డ్రైవ్ నిండిపోయి గీత ఎర్రగా మారింది.

పోయిన ఏడాది ఆషాఢంలో, ఎలాగూ పెళ్లిళ్లుండవు కదా అని, రథయాత్ర అయిన మర్నాటి నుంచి సర్దడానికి కూర్చున్నాను. సంవత్సరం, నెల, ఇంటిపేరు, పని, ఈ వరసలో ప్రతి ఫోల్డర్‌కీ పేరు పెట్టుకుంటూ వచ్చాను. తేదీ రాసేటప్పుడు సంవత్సరమే ముందు రాయాలి. 2019-03-14 అని రాస్తే పేర్ల వరసే తేదీల వరస అవుతుంది. 14-03-2019 అని రాస్తే అన్నేళ్ల 14వ తేదీలూ ఒకచోట కుప్పపడతాయి. ఇది మా ఇంట్లో చిన్నమ్మాయి చెప్పింది, నాకు చాలా ఉపయోగపడింది. పంతొమ్మిది రోజులు పట్టింది. మొత్తం 620 జీబీ చిల్లర తేలింది.

ఆ సర్దిన సామాను పెట్టుకోడానికే ఈ డిస్కు తెప్పించాను. పెట్టె బాగుంది, లోహపు ఒళ్లు, చేతికి బరువుగా ఉంది. తగిలిస్తే 4 టీబీ అనే చూపించింది. కొనేముందు అభిప్రాయాలు కూడా చదివాను. "బాగుంది, 4 టీబీ చూపిస్తోంది" అని బోలెడుమంది రాశారు. ఇప్పుడు తెలుస్తోంది, వాళ్లంతా వచ్చిన రోజునే తగిలించి చూసి రాసినవాళ్లు. నింపి చూసినవాడు ఒక్కడూ లేడు.

కాపీ చేయకుండా కట్ చేసి పేస్ట్ చేశాను. స్థలం ఖాళీ కావాలన్నదే నా తొందర. ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కి కట్ చేసి పెడితే విండోస్ ముందు కాపీ చేస్తుంది, తర్వాత పాతదాన్ని తీసేస్తుంది. ఆ తీసేసింది రీసైకిల్ బిన్‌లోకి కూడా రాదు. ఈ సంగతి నాకప్పుడు తెలీదు. ఒక రాత్రీ, ఒక పగలూ పట్టింది. అయ్యాక 2011, 2012 ఫోల్డర్లు తెరిచి నాలుగు ఫొటోలు చూశాను. చక్కగా తెరుచుకున్నాయి. ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య సరిపోయింది, మొత్తం సైజు సరిపోయింది. డిస్కు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. శ్రావణం రాగానే పెళ్లిళ్ల వీడియోలన్నీ ఖాళీ అయిన డీ డ్రైవ్‌లోకి ఎక్కించాను.

శ్రావణం ఆఖర్లో కాశీనగర్ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. "బాబూ, ఆ తుఫానప్పుడు నువ్వు కంప్యూటర్లో ఎక్కించావే, మా తాత కాగితం, అదోసారి తియ్యి. మా పిల్లడు కోర్టులో ఇవ్వాలంట" అన్నారు. "తీస్తాను మావయ్యా, కూర్చోండి" అని, సర్దుకున్నాను కదా, రెండు నిమిషాల్లో ఫోల్డర్ పట్టేశాను. 2018, అక్టోబర్, తిత్లీ, వాళ్ల ఇంటిపేరు. ఫైలు ఉంది. సైజు ఉంది. తెరిస్తే తెరుచుకోలేదు. పక్కది తెరవలేదు. ఆ సంవత్సరంలో ఒక్కటీ తెరవలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు, ఊళ్లు నీళ్లలో నానాయి. ఆ తర్వాత నెల రోజులు జనం తడిసిన కాగితాలు గోనెసంచుల్లో పట్టుకొచ్చారు. ఒడిశా వేరే రాష్ట్రమైంది 1936 ఏప్రిల్ 1న. అంతకుముందు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. అందుకే చాలా ఇళ్లలో ముత్తాతల నాటి దస్తావేజులు తెలుగులో ఉంటాయి. ఇప్పటి పిల్లలు ఒడియా బడుల్లో చదివి ఆ తెలుగు చదవలేరు, అయినా ఆ కాగితం వాళ్లకి కావాలి. ఫ్యాను కింద ఆరబెట్టి ఒక్కొక్కటీ స్కాన్ చేసి, "ఒక కాపీ నా దగ్గర కూడా ఉంటుంది, దిగులు పడకండి" అని చెప్పి పంపాను. ఆ మాట నేనిచ్చింది. పెద్దాయన దగ్గర అసలు కాగితం చెదలు తినేసింది. "పోనీలే బాబూ, నువ్వేం చేస్తావు" అని లేచి వెళ్లారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

పెట్టె విప్పి చూశాను. లోపల ఒక చిన్న సర్క్యూట్ ముక్క, దానికి గుచ్చిన 64 జీబీ మెమరీ కార్డు, బరువు కోసం జిగురుతో అతికించిన ఇనుప ముక్క. అంతే.

మోసం ఎలా జరుగుతుందో అర్థం చేసుకుంటే మీరు పడరు. గోదాంలో అరవై బస్తాలే పడతాయి, కానీ గుమస్తా నాలుగు వేలు పడతాయని బోర్డు పెట్టాడు. మీరు తెచ్చిన ప్రతి బస్తాకీ రిజిస్టర్‌లో పద్దు రాసి రసీదు ఇస్తాడు. గోదాం నిండాక వచ్చిన బస్తాలను ఏట్లో పారేస్తాడు, పద్దు మాత్రం రాస్తూనే ఉంటాడు. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక డిస్కు మొదట్లోనే, అంటే నిజంగా ఉన్న చోటులోనే ఉంటుంది. అందుకే పేర్లు, తేదీలు, సైజులు అన్నీ నిక్షేపంగా కనిపిస్తాయి. నేను లెక్క సరిచూసుకున్నది ఆ రిజిస్టర్‌తోనే. 2011, 2012 తెరుచుకోవడానికి కారణం అవి ముందు చేరి నిజమైన చోట కూర్చోవడం. కొన్ని నకిలీ డిస్కులు ఇంకా ఘోరం, నిండాక మళ్లీ మొదటికొచ్చి పాతవాటి మీదే రాసేస్తాయి.

విశాఖలో డేటా రికవరీ చేసేవాళ్లకు చూపించాను. ఆ కార్డులో 64 జీబీ దాటినదేదీ అసలు రాయబడనే లేదు, లేనిదాన్ని ఎవరూ తీయలేరన్నారు. మిగిలిన ఆశ డీ డ్రైవ్. అది పాత రకం హార్డ్‌డిస్కు కాబట్టి చెరిపిన చోట కొత్తవి పడకపోతే పాతవి దొరుకుతాయి. ఎస్‌ఎస్‌డీ అయితే చెరిపిన చోటును తనంతట తానే తుడిచేసే ట్రిమ్ వల్ల ఆ ఆశ కూడా చాలావరకు ఉండదు. నేనేమో శ్రావణం పెళ్లిళ్లన్నీ దాని మీద పోశాను. చెరిపిన ఫైళ్లను వెతికిపెట్టే, ఉచితంగా దొరికే ఫొటోరెక్ ప్రోగ్రాంతో పట్టుబట్టి వెతికితే సగానికి తక్కువ ఫొటోలు వచ్చాయి, కానీ పేర్లు లేకుండా. ఎఫ్ అక్షరం, పక్కన పొడుగాటి అంకె, అంతే. అంటే ఒకచోట ఫైళ్లు లేని పేర్లు, ఇంకోచోట పేర్లు లేని ఫైళ్లు. కెమెరా ఫొటోల లోపల తీసిన తేదీ దాగి ఉంటుంది కాబట్టి, ఆ తేదీని చదివే ఎగ్జిఫ్‌టూల్ ప్రోగ్రాంతో వాటిని మళ్లీ నెలలవారీగా విడదీయగలిగాను. స్కాన్ కాగితాలకు ఆ సదుపాయం లేదు. ఒక్కొక్కటీ కళ్లతో చదువుకుంటూ ఇప్పటికీ సర్దుతున్నాను.

ఇలా మీ ఫైళ్లు కూడా పోయి ఉంటే, తెలిసిన ఆ క్షణమే పాత డ్రైవ్ వాడకం ఆపేయండి. దాని మీద కొత్త ఫైలు ఒక్కటి పడ్డా నష్టమే. వెతికి తీసినవాటిని వేరే డిస్కులో పెట్టండి.

కొత్త డిస్కు గానీ, పెన్‌డ్రైవ్ గానీ కొంటే మొదటి రోజే, ఖాళీగా ఉండగానే పరీక్షించండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, ఉచితం, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. డిస్కు నిండా రాసి, తిరిగి చదివి, రాసిందే ఉందో లేదో చెబుతుంది. పెద్ద డిస్కుకి రోజులు పట్టొచ్చు. అంత ఓపిక లేకపోతే వాలిడ్రైవ్ వాడండి, అది డిస్కు పొడుగునా 576 చోట్ల ముట్టి చూస్తుంది, నిమిషాల్లో తేల్చేస్తుంది. లైనెక్స్ వాడేవాళ్లకు ఇలాంటిదే ఎఫ్3 ఉంది. నేను ఆ డిస్కును వాలిడ్రైవ్‌తో చూశాను. మొదట్లో కాస్త పచ్చగా, మిగతాదంతా ఎర్రగా వచ్చింది. ఆ బొమ్మ ఆషాఢంలో చూసి ఉంటే ఇదంతా రాయాల్సిన పనే ఉండేది కాదు.

ధర కూడా చూడండి. పేరున్న కంపెనీ 4 టీబీ ఎస్‌ఎస్‌డీ పదుల వేలల్లో ఉంటుంది. 1 టీబీ మామూలు హార్డ్‌డిస్కు కూడా రెండు వేలకు రాదు.

సర్దేటప్పుడు కట్ వద్దు, కాపీ చేయండి. డిస్కు ఒకసారి ఊడదీసి మళ్లీ తగిలించి, రెండు చోట్ల ఫైళ్లను పోల్చే ఫ్రీఫైల్‌సింక్ ప్రోగ్రాంలో "ఫైలు లోపలి సరుకు" ఆధారంగా పోల్చే పద్ధతి ఎంచుకుని రెండు వైపులా సరిచూడండి. పేరు, సైజు, తేదీ పోలిస్తే నాకు జరిగిందే జరుగుతుంది. ఒక ఫోల్డర్‌లో మొదటిది, మధ్యది, ఆఖరిది తెరిచి చూడండి. ఆ తర్వాత కూడా నెల రోజులు పాతది ఉంచండి. ముఖ్యమైన కాగితాలకు రెండో డిస్కు, అదీ వేరే ఇంట్లో.

డబ్బు సంగతి. నేను డిస్కు తెప్పించిన యాప్‌వాళ్లు వాపసు గడువు ఏడు రోజులేననీ, అది దాటిందనీ ఫోన్ పెట్టేశారు. అమ్మినవాడి పేరు అప్పటికే కనబడలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేశాను, తెలుగులో మాట్లాడొచ్చు, ఒడియాలో కూడా. బిల్లు, పెట్టె విప్పిన ఫొటోలు, పరీక్ష బొమ్మ పంపాను. ఐదు వారాలకు 1,899 తిరిగొచ్చింది. రాకపోయి ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లేవాణ్ని. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అమ్మినవాడు ఎక్కడున్నా మనం ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది. షాపు కోసం కొన్నావు కాబట్టి నీకు వర్తించదని ఒకాయన నాతో అన్నారు. అది సరికాదు. బతుకుతెరువు కోసం సొంతంగా పనిచేసుకునేవాళ్లను చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. బిల్లు, పెట్టె, చిరునామా చీటీ పారేయకండి.

2018లో తిత్లీ తర్వాత నా దగ్గర కాగితాలు స్కాన్ చేయించుకున్నవాళ్లు ఇది చదివితే, లేదా వాళ్ల పిల్లలు చదివితే: మీ అసలు కాగితం గానీ, నేనిచ్చిన ప్రింటు గానీ ఇంట్లో ఉందేమో చూడండి. ఉంటే తీసుకురండి, డబ్బు తీసుకోను. మళ్లీ స్కాన్ చేసి రెండు డిస్కుల్లో పెడతాను, మీ ఎదుటే తెరిచి చూపిస్తాను. కాశీనగర్ మావయ్యగారి కాగితం పేరు లేని కుప్పలో ఇంకా వెతుకుతున్నాను.