వారపు కూరగాయలు: రైతు బజారా, యాపా?

ధరలు పెరిగే కొద్దీ వారం సంచి నింపడానికి రైతు బజారుకు వెళ్లడం మేలా, ఫోన్‌లో యాప్ ద్వారా తెప్పించుకోవడం మేలా అన్న ప్రశ్న హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లోని ఇళ్లలో తరచూ తలెత్తుతుంది.

ధర: 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళారుల ప్రమేయం లేకుండా రైతులే నేరుగా అమ్ముకునేందుకు ఏర్పాటైన రైతు బజార్లలో ఏ రోజు ధరలను ఆ రోజు బోర్డు మీద రాసి ఉంచుతారు కాబట్టి, బేరమాడే నేర్పు లేనివారు కూడా మోసపోయే అవకాశం తక్కువ. 2023 వేసవి తర్వాత టమాటా కిలో వంద రూపాయలు దాటినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాయితీ టమాటాలను అమ్మించింది కూడా ఈ బజార్లలోనే. యాప్‌లో కూర ధర ఒక్కటే చూస్తే సరిపోదు. డెలివరీ, హ్యాండ్లింగ్ రుసుములు కలిసిన చివరి బిల్లునే పోల్చాలి.

శ్రమ: బజారుకు పొద్దున్నే వెళ్లాలి, బరువు మోయాలి, ఆటో ఎక్కితే మిగిలిన డబ్బు అందులోనే పోతుంది. యాప్‌కు ఈ బాధ లేదు.

నష్టభయం: బజారులో వంకాయను తిప్పి చూసి, బెండకాయ కొస విరిచి ఏరుకోవచ్చు. యాప్‌లో వచ్చిందే కూర. అంతకంటే పెద్ద చిక్కు, కొత్తిమీర కోసం తెరిచి బిస్కెట్లతో ముగించడం.

నలుగురైదుగురున్న ఇంటికి, బజారు నడక దూరంలో ఉంటే రైతు బజారే లాభం. ఒంటరి ఉద్యోగులకు, మెట్లు దిగలేని పెద్దలకు యాప్ నయం.