విందుకు ఏది మేలు: థర్మాకోల్ ప్లేటా, విస్తరాకా?

మా ఇంటి గృహప్రవేశానికి మూడు వందల మందికి భోజనాల ఏర్పాటు నా మీద పడినప్పుడు, థర్మాకోల్ ప్లేటు, పూత కాగితపు ప్లేటు, చెరకు పిప్పి ప్లేటు, అడ్డాకు విస్తరి, ఈ నాలుగింటినీ తెచ్చి పక్కపక్కన పెట్టి చూశాను. వీటిలో థర్మాకోల్ ప్లేట్లను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించినా, అడిగితే అంగడివారు లోపలి నుంచి తెచ్చి ఇస్తూనే ఉన్నారు.

ముందుగా థర్మాకోల్ పక్షాన చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ముడిచమురు నుంచి వచ్చే బెంజీన్, ఇథిలీన్‌లతో స్టైరీన్‌ను, దానితో పాలీస్టైరీన్‌ను తయారుచేసి, అందులోకి వాయువును ఎక్కించి పొంగిస్తారు. అలా పొంగిన సరుకులో అధిక భాగం గాలే కనుక, ఒక్కొక్క ప్లేటుకు పట్టే ముడిపదార్థం చాలా కొద్ది. కార్ఖానా గేటు వరకే లెక్క చూసేవారికి ఇదే పొదుపైనదిగా కనిపిస్తుంది, ఆ లెక్క అబద్ధమూ కాదు.

అయితే అసలు లెక్క భోజనాలు ముగిసిన మర్నాడు మొదలవుతుంది. ఒక ఫంక్షన్ హాలు వెనుక గోడ వద్ద, పెరుగన్నం అంటిన ప్లేటును ఆవు నములుతుండగా చూశాను. కొరికిన చోట అర్ధచంద్రాకారంలో ముక్క లేదు, అది దాని కడుపులోకి పోయింది, అక్కడ అరిగేది కాదు. మిగిలినవి గాలికి మురుగు కాలువలో పడి నీటిపై తేలుతూ తూములకు అడ్డం పడతాయి, తగలబెడితే నల్లని మసిపొగ లేస్తుంది. బండెడు ప్లేట్లు తూచినా కిలోలు పెద్దగా రావు, పైగా నూనె జిడ్డు, అందుకే పాత సామాన్లవాడు వాటిని ముట్టడు. స్టైరీన్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించగల పదార్థాల వర్గంలో చేర్చింది. ఆహారంలోకి దిగే మోతాదు స్వల్పమే అయినా, వేడివేడి సాంబారు, నూనె కూరలు వడ్డించినప్పుడు అది పెరుగుతుంది.

కాగితపు ప్లేటును చూసి మోసపోకూడదు. నీటిలో నానబెట్టి చింపి చూస్తే, పాల మీది మీగడలా పలుచని ప్లాస్టిక్ పొర విడిగా లేచి వస్తుంది. చెరకు పిప్పి ప్లేటు వేడికి ఆగుతుంది, మట్టిలో కలుస్తుంది. కానీ నూనె పీల్చకుండా కొన్నిటిలో ఫ్లోరిన్ రసాయనాలు కలుపుతారు కనుక, అవి లేవని అడిగి తెలుసుకుని కొనాలి.

ఇక విస్తరి. పాడేరు, అరకు వైపు గిరిజన మహిళలు అడ్డతీగ ఆకులు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుడతారు. తెలంగాణ పల్లెల్లో మోదుగాకు విస్తర్లది ఇదే పద్ధతి. దీనికీ లోపాలు లేకపోలేదు: అతుకుల వద్ద రసం కారుతుంది, ఎండిన ఆకుపై ముందుగా నీళ్లు చిలకరించకపోతే పెళుసుగా విరుగుతుంది, నిలబడి చేత పట్టుకుని తినడానికి వీలుకాదు. తీగను నరకకుండా ఆకు మాత్రమే కోస్తేనే మరుసటి ఏడు మళ్లీ దొరుకుతుంది. మిషన్ విస్తర్లలో కొన్నిటికి అడుగున ప్లాస్టిక్ అతికిస్తున్నారు, తిరగేసి చూసి కొనాలి. ఇవన్నీ ఒప్పుకున్నా, తిన్న తరువాత గోతిలో వేస్తే మన్నయిపోయేది, పశువు తిన్నా భయం లేనిది ఈ ఆకే. అందుకే బంతి భోజనానికి విస్తరినే ఎంచుకున్నాను. బఫే అయితే అద్దె స్టీలు ప్లేట్లకు మించినవి లేవు, కడగడానికి మనుషులూ నీళ్లూ కావాలి, అంతే.

థర్మాకోల్‌తోనే చేసే చేపల పెట్టె సంగతి వేరు. అక్కడ థర్మాకోల్ మంచును కరగనీయకుండా నిజమైన పని చేస్తుంది, చేప కుళ్లిపోతే అదీ నష్టమే, 2022 నాటి నిషేధమూ ఆ పెట్టెల జోలికి పోలేదు. వెళ్లిన బండే తిరిగి వచ్చే దారుల్లో ఏళ్ల తరబడి మన్నే గట్టి ప్లాస్టిక్ ఐస్ పెట్టెలు మేలు. ఒకవైపే సాగే దూరపు రవాణాకు థర్మాకోల్ తప్పకపోతే, అది విరిగి పూసలుగా రాలకముందే దించుకున్న వ్యాపారి వద్ద నుంచి వెనక్కి తీసుకునే బాధ్యత పంపినవారిదే కావాలి.